అదే చోటు, అదే నెల

శ్రోతలకు నమస్కారం. అరసవల్లి గుడి గురించి మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. అదే చోటు, అవే రోజులు, అదే వెలుగు. ఫొటోలు తీసి బతికినవాణ్ణి నేను. మంచు ప్రాంతాల్లో ఒకే చోట నిలబడి, ఏళ్ల తేడాతో తీసిన జత ఫొటోల గురించి చదువుతుంటే నాకు ఆ గుడే గుర్తొచ్చింది.

అలాస్కాలో మ్యూర్ అనే హిమానీనదం ఉంది. హిమానీనదమంటే కొండల మధ్య మెల్లగా కిందికి జారే మంచు. 1941 ఆగస్టు 13న విలియం ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఒక గట్టు మీద నిలబడి దాన్ని ఫొటో తీశారు. లోయ నిండా మంచే. 2004 ఆగస్టు 31న బ్రూస్ మోల్నియా అనే మరో శాస్త్రవేత్త వెళ్లి సరిగ్గా అక్కడే నిలబడ్డారు. అదే చోటు, అదే నెల. మంచు ఉన్న చోట సముద్రపు నీళ్లు! ముందు వట్టి రాళ్లున్న నేలంతా పచ్చటి పొదలు. మ్యూర్ అసలు ఫొటోలోనే లేదు. 63 ఏళ్లలో సుమారు 12 కిలోమీటర్లు వెనక్కి పోయింది. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి దగ్గర దగ్గర అంత దూరం. మందం 800 మీటర్లకు పైగా తగ్గింది.

అలాస్కాలో కొన్ని హిమానీనదాలు ఎప్పటినుంచో తగ్గుతున్నవే. కానీ ప్రపంచమంతటా మంచు ఇలా ఒక్కసారిగా తరిగిపోవడానికి ముఖ్య కారణం మనం కాల్చే బొగ్గు, పెట్రోలు వల్ల భూమి వేడెక్కడం.

ఇందులో నెల చాలా ముఖ్యం. ఒకటి చలికాలంలో, ఒకటి వేసవిలో తీసి పక్కపక్కన పెడితే, ఆ తేడాలో కొంత రుతువుదే. అలాంటి జతలు చూస్తే నాకు బాధేస్తుంది. ఫొటోతో అబద్ధం చెప్పించినట్టే కదా.

మన నాగావళి, వంశధార వాననీటి నదులు. అయినా అక్కడ కరిగిన మంచు చేరే సముద్రమే మన కళింగపట్నాన్నీ తాకుతుంది. వంశధార కలిసే చోట ఇసుక ఎలా జరుగుతోందో ఏటా ఒక్క ఫొటో తీయండి. ఫోన్ చాలు, జూమ్ వద్దు. కదలని గుర్తు ఒకటి ఫొటోలో ఉండాలి. ఎక్కడ నిలబడ్డారో, ఏ తేదీనో, సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో రాసిపెట్టండి.

నేను సంక్రాంతి ఎంచుకున్నాను, దాని తేదీ పెద్దగా మారదు కాబట్టి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, అందుకని ముక్కనుమ నాడు వెళ్లాను. లైట్‌హౌస్‌ను ఒక అంచున పెట్టి మొదటి ఫొటో తీశాను. ప్రింటు వేయించి, వెనకాల తేదీ, టైము రాశాను. వచ్చే ముక్కనుమకి మా మనవణ్ణి వెంట తీసుకెళ్లి, ఎక్కడ నిలబడాలో చూపిస్తాను.