పద్యం కింద ట్రాక్ వేయొద్దు

సభాధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న మా స్టేజీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి నమస్కారం. ఇవాళ ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి. 1880లో రాజమండ్రిలో తన శిష్యుల చేత నాటకం ఆడించిన మహానుభావుడాయన. ఆయన గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చక్కగా చెప్పారు. అందుకని నేను హరిశ్చంద్ర నాటకం దగ్గరికే వచ్చేస్తాను. దాన్ని గంటన్నరలో, కొత్త పాటలతో, కొత్త సంగీతంతో ఆడాలని మన ఊరి కుర్రాళ్ళు పూనుకున్నారు. హార్మోనిస్టుగా నా మాటేమిటో చెప్పమన్నారు.

మార్చడానికి నేను అడ్డం కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం ఊరూరా మారుతూనే వచ్చింది. కాటి సీనులో మీరంతా ఎదురుచూసే 'ఇచ్చోటనే' పద్యం ఎవరిదండీ? బలిజేపల్లి వారిది కాదు, గుర్రం జాషువా గారిది! 'శ్మశానవాటి'లోది. మన నటులు తెచ్చి కాటి సీనులో పెట్టారు, జనం గుండెకు హత్తుకున్నారు. కులం పేరుతో అవమానాలు పడ్డ కవి రాసిన పద్యం, కాటికాపరిగా అమ్ముడుపోయిన రాజు నోట పలికింది. అలాంటి మార్పు చేయగలిగితే చేయండి, నేనూ చప్పట్లు కొడతాను. నక్షత్రకుడికి పాట పెట్టండి. వారణాసి వీధిలో కోరస్ పెట్టండి. గిటారు పెట్టండి.

పద్యం కింద మాత్రం ముందే రికార్డు చేసిన ట్రాక్ వేయొద్దు.

పాటకి తాళం ఉంటుంది. పద్యానికి ఛందస్సు ఉంది గానీ, స్టేజీ మీద దాన్ని తాళానికి కట్టరు. తబలా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నేను కాళ్ళతో హార్మోనియం పెట్టె తొక్కుతూ దాని మెట్లకేసి చూడను, నటుడి మెడ నరం చూస్తాను. అది బిగిసిందంటే పైస్థాయికి పోతున్నాడన్నమాట. ఆ స్వరం నేను ముందే అందించి ఉంచాలి. ఆయనకి ఊపిరి చాలకపోతే ఆ స్వరాన్ని నేను నిలబెడతాను, ఆయన గాలి పీల్చుకుని మళ్ళీ అందుకుంటాడు. ఏ రాత్రికి ఎంతసేపు ఆలాపన తీస్తాడో ఆయనకే ముందు తెలియదు. రికార్డు చేసిపెట్టిన సంగీతానికి ఎట్లా తెలుస్తుంది?

ఆ మధ్య ఒక తిరునాళ్ళలో చూశాను. నన్ను ముందు పిలిచి, తర్వాత హార్మోనియం అక్కర్లేదన్నారు. సరే, జనంలో కూర్చున్నాను. హరిశ్చంద్రుడి వేషం అరవై దాటిన నటుడిది. కాటి సీను మొదటి పద్యం అయిందో లేదో వన్స్ మోర్ అని కేకలు. ఆయన ముఖం వెలిగిపోయింది. మళ్ళీ ఎత్తుకుందామని కర్ర ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ట్రాక్ ఆగలేదండీ! చంద్రమతి బిడ్డ శవంతో వచ్చేటప్పటి వయొలిన్ మొదలైపోయింది. రాకపోతే సంగీతం దాటిపోతుందని ఆవిడ వచ్చేసింది. ఆయన తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాడు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. నాటకం అయ్యాక మేకప్ గదికి వెళితే, రంగు తుడుచుకోకుండా కూర్చుని, "అన్నయ్యా, జనం అడిగితే పాడలేకపోయాను" అన్నాడు.

టైమైందని చీటీ పంపారు, ఒక్క నిమిషం ఇవ్వండి.

అమ్మా, వెనక కూర్చున్న తల్లులారా, అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. వన్స్ మోర్ అనే హక్కు మీది. ఆ కేకతోనే మా నటులు రాత్రి పొడవునా పాడారు. దాన్ని వదులుకుంటారా? వదులుకోవద్దు, గట్టిగా అడగండి!

డైరెక్టరు బాబూ, నువ్వు ఇక్కడే ఉన్నావు. కాటి సీనులో పద్యాలు అయ్యేదాకా లాప్‌టాప్ ఆపించు. ఎడమ వింగు పక్కన నాకు కాస్త చోటు, ఒక మైకు ఇప్పించు. పెట్టె నేనే తెచ్చుకుంటాను. ఏ పద్యం ఏ శ్రుతిలో, ఏ రాగంలో ఎత్తుకోవాలో నీ కుర్రాడికి దగ్గర కూర్చుని నేర్పుతాను. ఎల్లుండి రిహార్సల్ ఎన్నింటికో చెప్పు, వస్తాను.