కడబంతి దాకా అన్నం: ఒక దేశంలో సహాయ సంస్థను నడపడమంటే ఏం పని?

(దృశ్యం: తెల్లవారుజామున రాయలచెరువు. వ్యాఖ్యాత కట్ట మీద నడుస్తూ వచ్చి ఆగుతుంది. వెనక నీళ్ళు, అవతల కొండలు.)

నమస్కారం. ఇప్పుడు నేను ఉన్నది రాయలచెరువు కట్ట మీద. తిరుపతి నుంచి రామచంద్రాపురం మండలం వైపు ఎప్పుడైనా వచ్చుంటే ఇదెంత పెద్ద చెరువో మీకు తెలుసు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని పెద్దలు చెబుతారు. 2021 నవంబరులో ఈ కట్టలోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. కట్ట తెగితే ఏమవుతుందోనని కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి, పగలూ రాత్రీ కాపలా కాసి, కట్టను నిలబెట్టుకున్నారు.

అదే వారం స్వర్ణముఖి పొంగింది. కల్యాణి డ్యాం గేట్లెత్తారు. తిరుపతి వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. అటు కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నవంబరు 19న కొట్టుకుపోయింది.

ఆ రోజుల్లో మేము నలుగురం స్నేహితులం పులిహోర పొట్లాలు ఆటోలో వేసుకుని తిరిగినాము. మెయిన్ రోడ్డు పక్క వీధికి మాకంటే ముందే రెండు బండ్లు వచ్చి పోయినాయి. అయినా మేమూ అక్కడే పంచాము, ఎందుకంటే ఆటో అక్కడిదాకానే పోతుంది. వంకకు అవతల ఒక కాలనీ ఉంది. అక్కడికి మేము పోయింది మూడో రోజు. ఒక పెద్దామె మమ్మల్ని చూసి, "ఏం పాపా, మా పక్కకు రారా మీరు?" అని అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు. పొట్లం తీసుకుని లోపలికి పోయింది.

మనకొక సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. ఈ సామెతను అబద్ధం చేయడమే, ఈ రోజు నేను చెప్పబోయే ఉద్యోగం. వడ్డించేవాడు మనకు ఏమీ కాకపోయినా, కడబంతిలో కూర్చున్నవాళ్ళకు అన్నం అందాలి. ఆ ఉద్యోగం పేరు కంట్రీ డైరెక్టర్.

(దృశ్యం: ప్రపంచ పటం. ఒక చోటి నుంచి అనేక దేశాలకు గీతలు.)

సేవ్ ద చిల్డ్రన్ 1919లో పుట్టింది. ఆక్స్‌ఫామ్ 1942లో, కేర్ 1945లో. మూడూ యుద్ధాల నీడలో పుట్టిన సంస్థలే. ఇలాంటి పెద్ద సంస్థలకు ప్రధాన కార్యాలయం ఒక చోట ఉంటుంది, పని మాత్రం పదుల దేశాల్లో జరుగుతుంది. ఒక దేశంలో జరిగే పనంతా కలిపితే ఒక కంట్రీ ప్రోగ్రాం. దానికి పెద్ద కంట్రీ డైరెక్టర్. లారీలు, గోడౌన్లు, జీతాలు, లెక్కలు, సర్కారు అనుమతులు, సిబ్బంది ప్రాణాలు, అన్నిటికీ చివరి జవాబు ఆ మనిషిదే. చేత్తో బియ్యం మూట ఎత్తే రోజు ఏడాదిలో ఒకటి వస్తే గొప్ప.

మరి రోజంతా ఏం చేస్తారు? లెక్క వేస్తారు. ఒక లెక్క మనమూ వేద్దాం, మన ఊళ్ళోనే.

(దృశ్యం: హైస్కూలు ఆవరణ. తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి.)

చెరువు కింది ఊళ్ళ నుంచి 600 మందిని తెచ్చి ఒక హైస్కూల్లో పెట్టారనుకోండి. వాళ్ళకు ఎన్ని నీళ్ళు కావాలి, ఎంత చోటు కావాలి అనేదానికి స్ఫియర్ అనే ప్రమాణాలు ఉన్నాయి. 1997లో కొన్ని సహాయ సంస్థలు కలిసి కూర్చుని మొదలుపెట్టినవి. ఇప్పుడు వాడుతున్నది 2018లో వచ్చిన నాలుగో కూర్పు.

మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు. తాగడానికి, వండుకోవడానికి, ఒళ్ళు కడుక్కోవడానికి అన్నీ కలిపి. అంటే మన ప్లాస్టిక్ బిందె దాదాపు ఒకటి. 600 మందికి 9,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ రోజుకు రెండు ట్రిప్పులు కొట్టాలి. ఇంతవరకు తేలిక.

మరుగుదొడ్లు. మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, అంటే 12. వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి, అంటే 30. అందులోనూ ఆడవాళ్ళకు మూడు పెడితే మగవాళ్ళకు ఒకటి. మనం చదువుకున్న హైస్కూల్లో ఎన్ని ఉండేవో గుర్తు చేసుకోండి.

చోటు. మనిషికి పైకప్పు కింద 3.5 చదరపు మీటర్లు. 20 అడుగులకు 20 అడుగుల తరగతి గది దాదాపు 37 చదరపు మీటర్లు. అందులో పది మంది. 600 మందికి 60 గదులు! అన్ని గదులున్న బడి ఏ మండలంలో ఉంటుంది?

ఇక్కడే కంట్రీ డైరెక్టర్ పని మొదలవుతుంది. ఈ రాత్రికి గదికి ఇరవై మందిని సర్దాలా? సర్దితే ఎన్ని రోజులు? రెండు రోజుల్లో ఇంకో కల్యాణ మండపం దొరుకుతుందా? బాలింతలను, ముసలివాళ్ళను ముందు ఏ గదికి పంపాలి? టెంట్లు కొంటే నీళ్ళ డబ్బు తగ్గుతుంది, మరి దేన్ని తగ్గించాలి? ప్రమాణం పుస్తకంలో ఉంటుంది. దానికీ చేతిలో ఉన్నదానికీ మధ్య ఎంత తేడా ఉందో కాగితం మీద పెట్టి, ముందు ఇది, తర్వాత అది అని సంతకం చేసేది ఈ మనిషి. మేము 2021లో ఈ లెక్క వేయలేదు. ఆటో ఎక్కడిదాకా పోతే అక్కడిదాకానే మా సహాయం.

(దృశ్యం: రాత్రి తిరుపతి వీధి. వీధి దీపాలు. వ్యాఖ్యాత గొంతు మాత్రమే.)

పంచడం కూడా ప్రమాదమే. ఈ మాట మన ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడ దగ్గర వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళ తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్ళు ఆకలితో వచ్చినవాళ్ళు కాదు, దేవుణ్ణి చూడటానికి వచ్చినవాళ్ళు. ఇక మూడు రోజులు తిండి లేని జనం ముందు ఒక్క లారీ ఆపితే ఏమవుతుందో ఊహించండి.

అందుకే మంచి ప్రోగ్రాంలో లారీ కంటే ముందు చీటీలు పోతాయి. ఏ వీధివాళ్ళు ఏ రోజు, ఏ గంటకు రావాలో ముందే రాసిస్తారు. ఒకచోట కాకుండా నాలుగు చోట్ల పంచుతారు. లోపలికి పోయే దారి వేరు, బయటికొచ్చే దారి వేరు. గర్భిణులకు, కర్రతో నడిచేవాళ్ళకు వేరే వరుస. చీకటి పడే లోపు ఆడవాళ్ళు ఇల్లు చేరేలా గంటలు పెడతారు. మూట బరువు ఎంతుండాలో కూడా చూస్తారు, ఎందుకంటే ఆ మూటను రెండు కిలోమీటర్లు మోసుకుపోయేది ఎక్కువగా ఆడవాళ్ళే.

(దృశ్యం: తిరుమల కొండ, దూరం నుంచి. తర్వాత లెక్కల పుస్తకం.)

ఇప్పుడు డబ్బు. ఇది మనకు చాలా సులువుగా అర్థమవుతుంది. తిరుమలలో అన్నప్రసాదం ట్రస్టు వేరు, గోసంరక్షణ ట్రస్టు వేరు, ప్రాణదానం ట్రస్టు వేరు. అన్నదానానికని ఇచ్చిన రూపాయిని అన్నదానానికే ఖర్చు పెట్టాలి. సహాయ సంస్థకు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఇలాగే ముడి వేసి వస్తుంది. ఒక దాత పిల్లల టీకాలకే ఇస్తారు. ఇంకొకరు బావులకు. మరొకరు ఫలానా జిల్లాకు, ఫలానా నెలలోపు ఖర్చు చేయాలని. రాత్రి వరదొస్తే, పొద్దునే వాడుకోవడానికి ముడి లేని డబ్బు కొంచెమే ఉంటుంది. ఆ కొంచెం డబ్బును ఏడాదంతా కాపాడుకోవడం, ఎప్పుడు తీయాలో తెలుసుకోవడం, నా దృష్టిలో ఈ ఉద్యోగంలో సగం తెలివి అదే.

ఆ డబ్బు ఒక్క సంతకంతో ఆగిపోవచ్చు కూడా. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సహాయాన్ని 90 రోజుల పాటు నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. జూలై 1కి, ఆ దేశ ప్రభుత్వం తరఫున ఆ సహాయం అందించే యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే మూతపడింది. అప్పటిదాకా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మానవతా సహాయం ఇచ్చిన దేశం అమెరికా. ఎన్నో దేశాల్లో డైరెక్టర్లు ఆ వారాల్లోనే తేల్చాల్సి వచ్చింది: ఏ ఆసుపత్రి తలుపు మూయాలి, పదేళ్ళుగా పనిచేస్తున్న డ్రైవరుకు రేపటి నుంచి రావద్దని ఎలా చెప్పాలి అని.

(దృశ్యం: వ్యాఖ్యాత కట్ట మీద కూర్చుని, కెమెరా వైపు చూస్తూ.)

ఇంకా కష్టమైనది అనుమతి. సహాయ సంస్థలు నాలుగు సూత్రాలు చెప్పుకుంటాయి. మానవత, నిష్పాక్షికత, తటస్థత, స్వతంత్రత. మొదటి మూడింటినీ ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1991 డిసెంబరులో 46/182 తీర్మానంలో చెప్పింది. వింటే చాలా బాగుంటాయి. కానీ తటస్థంగా ఉండటమంటే, మీకు ఏ మాత్రం నచ్చని మనిషి ఎదురుగా కూర్చుని, వాళ్ళ టీ తాగి, మీ లారీని వాళ్ళ చెక్‌పోస్టు దాటించుకోవడం.

2022 డిసెంబరు 24న అఫ్ఘానిస్తాన్‌లో తాలిబాన్లు ఒక ఆజ్ఞ ఇచ్చారు. సహాయ సంస్థల్లో అఫ్ఘాన్ ఆడవాళ్ళు పనిచేయకూడదని. నిలిచి ఆలోచించండి. ఆ సమాజంలో పరాయి మగవాడు ఇంట్లోకి పోయి ఆడవాళ్ళతో మాట్లాడలేడు. మహిళా ఉద్యోగులు లేకపోతే, భర్త పోయి ఇంట్లో ఒంటరిగా పిల్లలతో ఉన్న తల్లికి ఏం కావాలో రాసుకునేవాళ్ళే లేరు. కడబంతి మొత్తం కనబడకుండా పోతుంది. అలాగని పని ఆపేస్తే? అది నడి చలికాలం, దేశమంతా ఆకలి.

మరుసటి రోజే సేవ్ ద చిల్డ్రన్, కేర్, నార్వే శరణార్థుల మండలి కలిసి, మహిళా ఉద్యోగులు లేకుండా మేము పని చేయలేమని చెప్పి ఆపేశాయి. కొన్ని వారాల తర్వాత, వైద్యం వంటి కొన్ని పనుల్లో ఆడవాళ్ళు రావచ్చనే హామీ దొరికిన చోట, ఆ మేరకు మళ్ళీ మొదలుపెట్టాయి. ఆపడం తప్పన్నవాళ్ళూ ఉన్నారు, మళ్ళీ మొదలుపెట్టడం తప్పన్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆపడమే సరి అనిపిస్తుంది. ఆ ఆజ్ఞకు తలవంచి పంచుకుంటూ పోయుంటే, అన్నం మగవాళ్ళ బంతి వరకే చేరేది.

(దృశ్యం: ఖాళీ కుర్చీ, దాని వెనక నీలం గుడ్డ.)

ఈ పనిలో ప్రాణాలూ పోతాయి. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద జరిగిన బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. అందుకే ఆగస్టు 19ని ప్రపంచ మానవతా దినంగా జరుపుకుంటారు. 2024లో లోకమంతటా 383 మంది సహాయ కార్యకర్తలు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది విదేశాల నుంచి విమానంలో దిగినవాళ్ళు కాదు, ఆ దేశంవాళ్ళే. ఆ ఊరి నర్సు, ఆ ఊరి డ్రైవరు. ఫలానా దారిలో ఈ రోజు బండి పోవచ్చని అన్న మాట ఎవరిదో, ఆ మాట బరువు జీవితాంతం వాళ్ళ మీదే ఉంటుంది.

పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళే తప్పు చేస్తే? 2010 భూకంపం తర్వాత హైతీలో ఆక్స్‌ఫామ్ సిబ్బంది కొందరు ఆడవాళ్ళ పట్ల చేసిన తప్పులు 2018లో లోకానికి తెలిశాయి. వాళ్ళలో అక్కడి డైరెక్టర్ కూడా ఉన్నాడు. అన్నం పెట్టే చెయ్యికి ఎదురు చెప్పడం ఆకలితో ఉన్నవాళ్ళకు ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. కాబట్టి ఫిర్యాదు వినే మనిషి డైరెక్టర్ కింద ఉండకూడదు. ఆ దేశం బయట, వేరే చోట ఉండాలి.

మన దేశం సంగతి కొంచెం వేరు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయి సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. సహాయ సంస్థలు సాధారణంగా ఆ ఏర్పాటుతో కలిసి పనిచేస్తాయి. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఆ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే ఢిల్లీలో ఉన్న పెద్ద సంస్థ, చంద్రగిరి పక్కన వంక అవతలి కాలనీని ఇంటింటా ఎరిగిన చిన్న మహిళా సంఘానికి ఆ డబ్బు పంపలేదు. దారి తప్పిన డబ్బును అడ్డుకోవాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ కాలనీ తెలిసినవాళ్ళ చేతికి డబ్బు రాకపోతే, మళ్ళీ ఆటో పోయే దాకానే సహాయం.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు, ముఖ్యంగా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదువుతున్నవాళ్ళు, నన్ను అడుగుతా ఉంటారు, ఎక్కడ మొదలుపెట్టాలక్కా అని. లెక్కల విభాగంలోనో, గోడౌన్‌లోనో మొదలుపెట్టండి. నీళ్ళ ట్యాంకరు ఎందుకు ఆలస్యమైందో తెలిసినవాళ్ళే తర్వాత మంచి డైరెక్టర్లు అవుతారు.

(దృశ్యం: నోటుపుస్తకం దగ్గరగా. చేతిరాతతో కాలనీల పేర్లు, ఇళ్ళ లెక్క.)

మేము ఇప్పుడు ఈ పుస్తకం రాస్తున్నాము. చంద్రగిరి, రామచంద్రాపురం మండలాల్లో చెరువు నిండి మరవ పారితే దారి తెగిపోయే కాలనీలు ఏవి, ఎన్ని ఇళ్ళు, మంచాన ఉన్నవాళ్ళు ఎవరు, గర్భిణులు ఎవరు, ఆటో ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి ఎంత దూరం నడవాలి అని. ఆ పెద్దామె కాలనీ పేరు మొదటి పేజీలో ఉంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. మీ ఊళ్ళో వంక అవతల కాలనీ ఏదైనా ఉంటే, దాని పేరు, ఇళ్ళ లెక్క ఆలోపు మాకు రాసి పంపండి.