ఒకటే ఇంజినా? ఆగిపోతే?

అధ్యక్షులవారికి, తోటి ఇన్‌స్ట్రక్టర్లకు, కొత్తగా శిక్షణలో చేరిన పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చదివే ఓపిక నాకు లేదు, వినే ఓపిక మీకూ లేదు. నాకిచ్చిన అంశం 'చిన్న విమానాల భవిష్యత్తు'. అంతకంటే ముందు, ఎప్పట్నుంచో మనసులో నలుగుతున్న మాట ఒకటుంది.

నేను చిన్న విమానాలు నడపడం నేర్పుతానని తెలిస్తే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒకటే ఇంజినా? ఆగిపోతే?" పెళ్లిళ్లలో అడుగుతారు, రైల్లో అడుగుతారు. మొన్న పన్ను పీకుతూ డాక్టరుగారూ అడిగారు. నోట్లో దూది ఉండి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

1958 డిసెంబర్ 4న లాస్ వేగాస్‌లో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు సెస్నా 172 అనే ఒంటి ఇంజిన్ చిన్న విమానంలో పైకి లేచారు. దిగింది 1959 ఫిబ్రవరి 7న. 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు! మధ్యలో దొంగచాటుగా దిగలేదనడానికి రుజువుగా, మొదట్లోనే కిందికొచ్చి, పరిగెత్తే కారులోంచి చక్రాలకు తెల్లరంగు పూయించుకున్నారు. పెట్రోలు? ఎడారి రోడ్డు మీద లారీ పోతుంటే, దాని పైనే ఎగురుతూ, గొట్టాన్ని కొక్కెంతో లాక్కుని నింపుకునేవారు. ఒకసారి ఇద్దరికీ నిద్ర పట్టేసింది కూడా... సరే, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

ఈ కథ చెప్పే వాళ్లంతా ఆ ఇద్దరి ఓపికను పొగుడుతారు. ఇంజిన్‌ని ఒక్కరూ తలచుకోరు. నెల దాటాక జనరేటర్ పోయింది. లైట్లు లేవు, హీటర్ లేదు. విమానం పొట్ట కింది ట్యాంకులోంచి పెట్రోలు చేతిపంపుతో కొట్టుకున్నారు. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఎందుకు? చెప్పండి, చేతులెత్తండి. ఆ, సరిగ్గా చెప్పావమ్మా, మాగ్నెటోలు! ఇంజిన్ తిరుగుతుంటే చాలు, నిప్పురవ్వ అవే పుట్టిస్తాయి, బ్యాటరీతో పని లేదు. అవి రెండుంటాయి, ప్రతి సిలిండర్‌కి ప్లగ్గులూ రెండే. చివరికి లోపల మసి పేరుకుని, నిండు ట్యాంకులతో ఎత్తుకెక్కడం కష్టమై దిగారు.

మరి ఇంజిన్లు ఆగవా? ఆగుతాయి. చాలాసార్లు ఇంజిన్ తప్పు లేకుండానే ఆగుతాయి. పెట్రోలు అయిపోతుంది, లేదా అందులో నీళ్లు చేరతాయి. పెట్రోలు గేజీని నమ్మొద్దు, ట్యాంకులో కడ్డీ ముంచి చూడండి. కింద డ్రెయిన్ నుంచి గ్లాసులోకి పట్టండి. మన విమానాల పెట్రోలు 100ఎల్ఎల్ నీలంగా ఉంటుంది, నీళ్లు అడుగున తేరుకుంటాయి. గ్లాసు నిండా నీళ్లే ఉంటే? నీళ్లకీ పెట్రోలుకీ మధ్య గీత కనిపించదు, అంతా శుభ్రంగా ఉందనిపిస్తుంది! అందుకే రంగూ చూడండి, వాసనా చూడండి.

ఇక కార్బురేటర్ మంచు, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిలో పెట్రోలు కలిపే భాగంలో కట్టే మంచు. చలికాలం సమస్య అనుకుంటారు. కాదు నాయనా, 20 డిగ్రీల హాయైన రోజున గాలిలో తేమ ఉంటే చాలు. పెట్రోలు ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది, మంచు కడుతుంది, ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, మెల్లగా జారుతుంది. లోపలికి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ లాగితే ఇంకా పడుతుంది, ఇంజిన్ దడదడలాడుతుంది. కరిగిన నీళ్లు మింగుతోంది మరి. టెన్షన్‌లో ఆ నాబ్‌ని అప్పుడే లోపలికి తోసేస్తారు. తోయకండి! దడదడలాడనివ్వండి. మంచు పోతే ఆర్‌పీఎం తనే పైకొస్తుంది.

అయినా ఆగిందే అనుకోండి. 172 సుమారు 65 నాట్లతో, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో జారుతూ, ప్రతి 1000 అడుగుల ఎత్తుకీ దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు, అంటే రెండున్నర కిలోమీటర్ల పైనే పోతుంది. చోటు వెతుక్కోవచ్చు. లేచిన వెంటనే ఆగితే మాత్రం రన్‌వే కోసం వెనక్కి తిరగొద్దు. ముక్కు దించి, ఎదురుగా ఉన్నచోటే దిగండి. నమ్మకం కుదరకపోతే, బాగా ఎత్తులో మీ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, పవర్ తగ్గించి ఆ మలుపు తిప్పి చూడండి. ఎన్ని అడుగుల ఎత్తు పోయిందో, ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో మీరే చదువుకోండి.