పంపు మార్చే ముందు మీటరు పెట్టండి

(ఆయుధ పూజ సందర్భంగా తిరుపతిలో జరిగిన మోటారు మెకానిక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, పండుగ పూట షెడ్లు మూసుకుని వచ్చిన మెకానిక్ సోదరులకు, ఐ.టి.ఐ. నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పెద్దల పేర్లను నాకంటే ముందు మాట్లాడినవారు ఒకటికి రెండుసార్లు చదివారు కనుక నేను మళ్లీ చదవను. నన్ను వృత్తి గౌరవం మీద మాట్లాడమన్నారు. దాని మీదే మాట్లాడతాను, కాకపోతే ఒక పాత పికప్పులోని కరెంటు పెట్రోలు పంపును అడ్డం పెట్టుకుని మాట్లాడతాను.

ఈరోజు ఉదయం కొన్ని షెడ్లకు వెళ్లి వచ్చాను. స్పానర్లకు, జాకీలకు, కంప్రెసరుకు, వెల్డింగు మిషనుకు పసుపు కుంకుమలు పెట్టారు, దండలు వేశారు, బూడిద గుమ్మడికాయలు కొట్టారు. వోల్టులూ కరెంటూ కొలిచే మల్టీమీటరు మాత్రం చాలా చోట్ల పూజలో లేదు. ఉన్నచోట కూడా పెట్టెలోంచి బయటికి తీయకుండా పెట్టె మీదే బొట్టు పెట్టారు. నా ఫిర్యాదు అక్కడి నుంచే మొదలవుతుంది.

మన జిల్లాల్లో తిరిగే పికప్పులు ఎక్కువగా డీజిలువే. వాటిలో పాతవాటికి ఇంజెక్షన్ పంపు పక్కనే మెకానికల్ ఫీడు పంపు ఉంటుంది, దానికి కరెంటుతో పని లేదు. కార్బ్యురేటరు కాలపు పెట్రోలు బండ్లలోనూ క్యామ్‌షాఫ్టు తోసే డయాఫ్రమ్ పంపే ఉండేది, దాని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో కూడా ఉండేది కాదు. 2000 ప్రాంతంలో కొత్త పొగ నిబంధనలు వచ్చి పెట్రోలు ఇంజెక్టర్ల బండ్లు పెరిగాక, పంపు ట్యాంకు లోపలికి వెళ్లింది. ఇప్పుడు ఇంజెక్టర్ల దాకా మూడు కిలోలకు అటూ ఇటూగా ఒత్తిడి కావాలి, ఆ పని కరెంటు మోటారు చేయాలి. ఇంజెక్టర్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిలు అందించే కామన్ రైలు బండ్లలోనూ కొన్నింటికి ట్యాంకులో ఇలాంటి పంపు ఉంటుంది. పంపు కంటికి కనబడకుండా పోయిన నాటి నుంచి, బండి ఆగితే చాలు, చూడకుండానే నేరం దాని మీద మోపడం మనకు అలవాటైపోయింది.

బంగారుపాళ్యం వైపు ఒక రైతుకు పెట్రోలుతో నడిచే పాత పికప్పు ఒకటి ఉండేది. వేసవిలో బేనీషా మామిడికాయలు నింపుకుని బెంగళూరు మార్కెట్టుకు పోయేవాడు. బండి ఊళ్లో తిరిగినంత సేపూ బాగుండేది, మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు సగం దారిలో లాగడం మానేసి, దగ్గి, ఆగిపోయేది. అరగంట నీడలో ఉంచితే మళ్లీ స్టార్టయ్యేది. చూసిన ప్రతివారూ పంపు వేడెక్కుతోందన్నారు. ఒక షెడ్డులో పంపు మార్చారు, మరో చోట అది డూప్లికేటు పంపని చెప్పి ఇంకొకటి వేశారు, ఇంకో చోట ఫిల్టరు, పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే, చివరికి ఇంజన్ కంట్రోల్ యూనిట్ కూడా మార్చాలన్నారు. షెడ్ల పేర్లు నేను చెప్పను, ఇక్కడ ఎవరూ భుజాలు తడుముకోవద్దు. బండి ఘాటులో ఆగిన ప్రతిసారీ గంపల్లో కాయ మగ్గుతూనే ఉంది. మార్కెట్టులో మగ్గిన కాయకు ఏ ధర కడతారో మామిడి పండించే జిల్లావాళ్లకు నేను వేరే చెప్పాలా?

ఆ బండి చివరికి నా దగ్గరికి వచ్చింది. నేను బానెట్టు ఎత్తకముందే ఆ రైతు అన్న మాట ఇది: “సార్, బ్రేకు తొక్కినప్పుడల్లా పెట్రోలు ముల్లు అదురుతా ఉండాది. ఈ మాట ఎవురికి చెప్పినా ఇనుకోరు.” అయ్యా, మీరంతా దయచేసి ఈ వాక్యాన్ని మరోసారి వినండి. బ్రేకు తొక్కితే వెలిగేది వెనక దీపం. ముల్లును నడిపేది ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కొలిచే గేజి యూనిట్టు. ఈ రెండింటికీ సంబంధం ఉండకూడదు. ఉన్నదంటే రెండూ ఒకే దారిలో బ్యాటరీకి తిరిగి పోతున్నాయనీ, ఆ దారి ఇరుకైపోయిందనీ అర్థం. ఆ బండిలో ట్యాంకు పంపు, గేజి యూనిట్టు, వెనక దీపాలు మూడింటి ఎర్తు తీగలూ, అంటే కరెంటు బ్యాటరీ మైనస్సుకు తిరిగి పోయే తీగలు, ఛాసిస్ మీద ఒకే బోల్టు కింద ఉన్నాయి. చదువు రాని మనిషి రోగాన్ని సగం కనిపెట్టి మన చేతిలో పెడితే, మనం ఆయన్ను టీ తాగి రమ్మని పంపేశాం.

ఇక మీటరు సంగతి. పంపు కప్లరు, అంటే తీగలు తగిలించే ప్లగ్గు, ఊడదీసి తాళం ఆన్ చేసి చూస్తే 12.4 వోల్టులు వచ్చాయి. నాకంటే ముందు చూసినవారిలో మీటరు పెట్టినవారు కూడా ఇక్కడే ఆగిపోయారు. కరెంటు బాగానే వస్తోంది కనుక పంపే పోయిందని తేల్చేశారు. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. మల్టీమీటరు దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు కనుక, తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది పన్నెండు వోల్టులు చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సన్నని పైపులోనూ ఒత్తిడి నిండుగానే కనబడుతుంది, తిప్పినప్పుడే ధార సంగతి తెలుస్తుంది. అందువల్ల కప్లరు తగిలించి, పంపు తిరుగుతూ ఉండగా, వెనక నుంచి సూది గుచ్చి చూడాలి.

అలా చూశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంది. పంపు రెండు పిన్నుల మధ్య 10.6 మాత్రమే ఉంది. మిగిలిన 3.3 వోల్టులు ఎక్కడికి పోయాయి? బ్యాటరీ ప్లస్సు నుంచి పంపు ప్లస్సు పిన్ను దాకా అర వోల్టు పడిపోతోంది, పాత బండికి అది ఓర్చుకోదగినదే. పంపు ఎర్తు పిన్నుకూ బ్యాటరీ మైనస్సుకూ మధ్య మీటరు పెడితే 2.8 వోల్టులు కనబడింది. ఆ చోట 0.2కు మించి ఉండకూడదు. బ్రేకు తొక్కమన్నాను, అది నాలుగు దాటింది, డాష్‌బోర్డులో ముల్లు కదిలింది.

ఇక్కడ లెక్క కూడా చేద్దాం. పంపు సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. 2.8 వోల్టులను 5తో భాగిస్తే అర ఓము పైచిలుకు నిరోధం వస్తుంది. జర్మనీలో ఓమ్ తన సూత్రాన్ని 1827లో అచ్చు వేయించాడు, మనం ఇంకా చేతితో తీగను లాగి చూసి గట్టిగానే ఉందంటున్నాం. ఆ జాయింటు దగ్గర 14 వాట్ల వేడి పుడుతోంది. వేడికి జాయింటు ఇంకా పాడై నిరోధం పెరుగుతుంది, పంపు మందగించి ఒత్తిడి పడిపోతుంది. చదును దారిలో ఇంజనుకు కావలసిన పెట్రోలు తక్కువ కాబట్టి గడిచిపోతుంది. ఘాటులో లోడు మీద ఎక్కువ పెట్రోలు కావలసి వచ్చినప్పుడు అందదు. నీడలో అరగంట ఆపితే చల్లారింది జాయింటు, అందరూ చల్లారింది పంపు అనుకున్నారు.

బండి కిందికి దూరి చూస్తే కారణం తెలిసిపోయింది. ఆ పికప్పుకు అంతకు ముందు ఏడాది తొట్టి కొత్తగా కట్టించారు. బాడీ కట్టినవారు ఛాసిస్‌కు నల్ల పెయింటు కొట్టి, ఆ పెయింటు మీదనే ఎర్తు తీగ చివరి రింగును, అంటే లగ్గును, పెట్టి బోల్టు బిగించారు. బోల్టు మరల ద్వారా దొరికిన కాస్త స్పర్శతో అన్నాళ్లూ నడిచింది, వానాకాలం పోయేసరికి అక్కడ పచ్చని చిలుము పట్టింది. ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి, స్టారు వాషరుతో బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూశాను. తర్వాత మీటరులో 0.08 వోల్టు వచ్చింది. ఆ రైతు కొన్న పంపులన్నీ మంచివే.

నేను దీనికి ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. మోసం చేసేవారు ఉంటారు, వారి గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. నా బాధ మంచి మెకానిక్కుల గురించే. పంపు మార్చి చూద్దాం, రిలే మార్చి చూద్దాం అనే మాటలో ఆ చూడటానికి అయ్యే ఖర్చు బండివాడిది. మనం నేర్చుకోవలసిన పాఠానికి రైతు ఫీజు కట్టడం ఏ రకం వృత్తి గౌరవమో పెద్దలే చెప్పాలి.

పంపులు నిజంగా పోవని నేను అనడం లేదు. తాళం ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు ట్యాంకులోంచి గుయ్యిమనే చప్పుడు వినబడాలి. వినబడకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత రిలే. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: 30కి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది, 87 నుంచి పంపుకు పోతుంది, 85, 86 రిలేను పని చేయించే కాయిలువి. రిలే తీసి 30కీ 87కీ ఫ్యూజు ఉన్న తీగతో కలిపితే పంపు తిరిగిందంటే లోపం రిలేలోనో, దాన్ని పిలిచే వైపో ఉంది. అప్పుడూ తిరగకపోతే, తీగ కలిపి ఉండగానే పంపు పిన్నుల మధ్య వోల్టేజీ చూడండి. నిండుగా ఉండి కరెంటు సున్నా అయితే మోటారు లోపల తెగింది. రబ్బరు సుత్తితో ట్యాంకును మెల్లగా తడితే తిరిగిందా, బ్రష్షులు అరిగాయి. వోల్టేజీ నిండుగా ఉండి, పంపు తిరుగుతూ, పెట్రోలు లైనుకు పెట్టిన ప్రెషరు గేజిలో ఒత్తిడి రాకపోతే ఫిల్టరు మూసుకుపోయిందేమో చూసి, అప్పుడు పంపు మార్చండి. ట్యాంకులో ఎప్పుడూ రిజర్వు మీదే బండి నడిపేవారికి పంపు తొందరగా పోతుందన్నది నిజమే, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

అమెరికాలో 1980ల చివర, 1990లలో వచ్చిన కొన్ని పికప్పుల్లో పంపుకు రిలేతో పాటు ఇంజనాయిలు ప్రెషరు స్విచ్చు ద్వారా రెండో దారి ఉండేది. రిలే పోయినా చాలాసేపు సెల్ఫ్ కొడితే ఆయిలు ఒత్తిడి పెరిగి, ఆ దారిలో పంపు తిరిగి, బండి కదిలేది. అలాంటి బండి మన షెడ్డుకు రాదు, అయినా చెబుతున్నాను. ఏ బండికైనా వైరింగు పటం చూడకుండా చేయి పెట్టకూడదనడానికి ఇది సాక్ష్యం.

ఈ సభను నేను అడుగుతున్నది ఒక్కటే. ఈ రోజు నుంచి పంపు మార్చిన ప్రతి బిల్లు మీదా మూడు అంకెలు రాయండి. పంపు తిరుగుతుండగా దాని పిన్నుల మధ్య వోల్టేజీ, ఎర్తు వైపు పడిపోయిన వోల్టేజీ, ప్రెషరు గేజిలో ఒత్తిడి. ఈ మూడూ రాయలేకపోతే పంపు విప్పే హక్కు మనకు లేదు. సంఘం పెద్దలు దీన్ని తీర్మానం చేస్తారో, పక్కన పెడతారో వారి ఇష్టం. విద్యార్థులు మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊడదీసిన పాత పంపును కూడా బండివాడి చేతికే ఇవ్వండి, అది అతని సొత్తు.

కుర్రవాళ్లకు జాగ్రత్తలు చెప్పలేదు. ట్యాంకు దించేటప్పుడు ముందుగా ఇంజను నడుస్తుండగా పంపు ఫ్యూజు తీసి, దానంతట అది ఆగేదాకా ఉండండి, లైనులో ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ మైనస్సు విప్పండి. ట్యాంకు మూత తెరిచిన చోట టెస్టు ల్యాంపు, బీడీ, ఫోను ఛార్జరు ఏదీ ఉండకూడదు, ఎందుకంటే పెట్రోలు ఆవిరి నేల మీదుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. కాలిపోయిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టవద్దు, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నచోట 30ది పెట్టవద్దు. ఫ్యూజు కాపాడేది పంపును కాదు, సీటు కింద నుంచి ట్యాంకు దాకా పోయే తీగను.