చెరువు లీజు, నోటు వడ్డీ: పెంపు మీద పెంపుకు ఒకే సూత్రం

[తెరపై: చెరువు గట్టు, లీజు కాగితం]

నమస్కారం. భీమవరం దగ్గర ఒక రైతు అయిదేళ్లకు చేపల చెరువు లీజుకు తీసుకున్నారనుకుందాం. మొదటి ఏడాది ఎకరానికి 1,00,000 రూపాయలు. తరువాత ఏటా, ముందటి ఏడాది మొత్తంపై 10 శాతం పెంపు. అయిదో ఏడాది ఎంత కట్టాలి? నాలుగు పదులు నలభై కనుక 1,40,000 అని నోటిలెక్క చెబుతుంది. అది సరికాదు. రెండో పెంపు లక్ష మీద కాక, అప్పటికే పెరిగిన 1,10,000 మీద పడుతుంది.

నూటికి పది పెరగడమంటే వంద నూటపది కావడం, అంటే 1.10తో గుణించడం. నాలుగు పెంపులకు నాలుగుసార్లు గుణించాలి.

[తెరపై: చివరి మొత్తం = మొదటి మొత్తం × (1 + శాతం ÷ 100)ⁿ
1,00,000 × (1.10)⁴ = 1,46,410]

ఇక్కడ n అంటే ఏళ్ల సంఖ్య కాదు, పెంపు ఎన్నిసార్లు పడిందన్న సంఖ్య. ఒప్పందం అయిదేళ్లదే అయినా మొదటి ఏడాది పెంపు లేదు కనుక n నాలుగే. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కాగితంలో "మొదటి ఏడాది మొత్తంపై" అని రాసి ఉంటే మాత్రం 1,40,000 సరైన లెక్కే; సంతకానికి ముందు ఆ ఒక్క మాట చూసుకోవాలి.

[తెరపై: ప్రామిసరీ నోటు]

ఇదే సూత్రం అప్పు నోటుకూ వర్తిస్తుంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24, మూడేళ్లకు 72 శాతం. నోటుపై కోర్టులో దావా వేయడానికి ఉన్న మూడేళ్ల కాలపరిమితి దాటకముందే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు కనుక, తొమ్మిదేళ్లలో పెంపు పడేది మూడుసార్లు, ఒక్కోసారి 72 శాతం చొప్పున.

[తెరపై: 1,00,000 × (1.72)³ = 5,08,845]

తిరగరాయకుండా బారు వడ్డీయే నడిచి ఉంటే తొమ్మిదేళ్లకు అయ్యేది 3,16,000 మాత్రమే. తేడా 1,92,845 రూపాయలు. లక్ష అప్పుకు ఇది చాలా పెద్ద భారం. అందుకే మొదటిసారి తిరగరాసే రోజున ఎంతో కొంత చెల్లించమని నేను గట్టిగా చెబుతాను. ఆ రోజు కట్టిన 10,000 మీద ఇంకా రెండు పెంపులు పడవలసి ఉంది కనుక, 10,000 × (1.72)² చొప్పున, చివరి బాకీలో 29,584 రూపాయలు తగ్గుతాయి.