అది యుద్ధమేనా? లెక్కపెట్టే ముందే నిర్వచనం రాసుకోండి

హలో అండీ. ఈరోజు ఒక్క ప్రశ్నే తీసుకుందాం. రెండు ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధానికి దిగవు అంటారు కదా, ప్రజాస్వామ్య శాంతి సిద్ధాంతం అని, మరి అది తప్పని తేలాలంటే అసలు ఏం జరగాలి?

రెండు ప్రజాస్వామ్యాలు కొట్టుకుంటే చాలు అనిపిస్తుంది. సరే, 1941 చూడండి. ఫిన్లాండ్‌లో ఎన్నికైన పార్లమెంటు ఉంది, బ్రిటన్‌లోనూ ఉంది. సోవియట్ యూనియన్ మీద పోరులో ఫిన్లాండ్ జర్మనీతో కలిసింది, బ్రిటన్ సోవియట్ వైపు ఉంది. జులైలో బ్రిటిష్ విమానాలు అప్పట్లో ఫిన్లాండ్‌లో ఉన్న పెట్సామో రేవు మీద దాడి చేశాయి, డిసెంబర్‌లో బ్రిటన్ అధికారికంగా యుద్ధమే ప్రకటించింది. సిద్ధాంతం కూలిందా? లేదు! ఈ రంగంలో బాగా వాడే కోరిలేట్స్ ఆఫ్ వార్ అనే యుద్ధాల డేటాసెట్ ప్రకారం దేశాల మధ్య యుద్ధం అనాలంటే పోరులో కనీసం 1000 మంది సైనికులు చనిపోవాలి, ఈ రెండు దేశాల మధ్య అంతమంది పోలేదు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని సమర్థకుల వాదన.

ఇక 1999 కార్గిల్. ఇక్కడ వాదన ‘యుద్ధం’ మీంచి ‘ప్రజాస్వామ్యం’ అనే మాట మీదికి జరిగింది. పాకిస్తాన్‌లో ఉన్నది ఎన్నికైన ప్రభుత్వమే, కానీ సైన్యం దాని చెప్పుచేతల్లో ఉందా?

రెండూ న్యాయమైన ప్రశ్నలే, నేను కాదనను. నా భయం వేరు. ఇబ్బంది పెట్టే కేసు ఎదురైనప్పుడల్లా ఒకసారి ‘యుద్ధం’ అర్థాన్నీ, ఇంకోసారి ‘ప్రజాస్వామ్యం’ అర్థాన్నీ జరుపుకుంటూ పోతే ఆ సిద్ధాంతాన్ని ఏ వాస్తవమూ ముట్టుకోలేదు. ఏం జరిగితే తప్పో చెప్పలేని మాట సైన్స్ కాదని తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లోనే అన్నాడు. ఆయన తర్వాత ఇమ్రే లకటోష్ అనే మరో తత్వవేత్త కొంచెం మెత్తబడ్డాడు, నాకు లకటోష్ మాటే ఎక్కువ నచ్చుతుంది: సిద్ధాంతాన్ని సవరించుకోవచ్చు, కానీ ఆ సవరణ మనకు తెలియని కొత్త విషయమేదైనా ముందుగా చెప్పగలగాలి, ఉన్న చిల్లును పూడ్చి ఊరుకుంటే చాలదు.

అందుకే థీసిస్ మొదలుపెట్టేవాళ్లు కేసుల జోలికి వెళ్లకముందే ఒక కాగితం మీద తేదీ వేసి, మీ నిర్వచనాలు, ఏ కేసు దొరికితే మీ వాదన వదిలేస్తారో రాసి పెట్టుకోండి. తర్వాత మార్చాల్సి వస్తే మార్చండి, ఎందుకు మార్చారో థీసిస్‌లోనే చెప్పండి. అలాగే 1000 అని రాశారనుకోండి, ఎందుకు 1000 అని పక్కనే ఒక వాక్యం రాయండి. డేటాసెట్‌లో అలా ఉంది కాబట్టి అంటే అది కారణం కాదు.