కాఫీ తాగని కాఫీ షాపు మనిషి

శ్రోతలకు నమస్కారం.

నాకు కాఫీ పడదు. వాసన ఇష్టమే, రుచి పడదు. అయినా కాఫీ షాపుకు వెళ్తాను, తరచుగా వెళ్తాను. ఈ మాట విన్నవాళ్ళు తప్పకుండా అడుగుతారు, "మరి అక్కడేం చేస్తారండీ?" అని. దానికి నా జవాబు ఎలా ఉన్నా, లాయిడ్ గారి కథ మాత్రం చక్కగా జవాబు చెప్తుంది. ఉన్న పది నిమిషాల్లో సగం ఆయనకే ఇచ్చేస్తాను.

ఎడ్వర్డ్ లాయిడ్. ఊరు లండన్. 1680ల చివరికి థేమ్స్ నదికి దగ్గర్లో, టవర్ స్ట్రీట్‌లో ఆయనకో కాఫీ హౌస్ ఉండేది. దగ్గర్లోనే రేవు. అందుకని వచ్చేవాళ్ళలో ఓడల కెప్టెన్లు, ఓడల యజమానులు, సముద్రం మీద సరుకు పంపే వర్తకులు ఎక్కువ. వాళ్ళకు కావలసిందేమిటి? కాఫీయా? కాదు, కబురు. ఏ ఓడ బయల్దేరింది, ఏ ఓడ చేరింది, ఏ ఓడ మునిగింది. లాయిడ్ ఈ సంగతి పసిగట్టాడు. కాఫీ కాస్తూనే కబుర్లు పోగుచేశాడు. 1691లో లొంబార్డ్ స్ట్రీట్‌కి మకాం మార్చాడు. 1696లో ఓడల వార్తలతో ఓ చిన్న పత్రిక కూడా మొదలుపెట్టాడు. అది నడిచింది కొన్ని నెలలే, అయితేనేం, జనం రావడం మానలేదు.

అక్కడే ఇంకో వ్యవహారం సాగేది. ఓడ మునిగితే వచ్చే నష్టాన్ని ఒక్క మనిషి మోయలేడు కదా. ఒక కాగితం మీద ఓడ వివరాలు రాసి బల్ల బల్లకీ తిప్పేవారు. ఇందులో ఇంత భాగం నాది అని ఒకరు సంతకం పెడితే, దాని కింద ఇంకొకరు, ఆ కింద మరొకరు. ఓడ క్షేమంగా చేరితే యజమాని కట్టిన ప్రీమియం వాళ్ళకు మిగులుతుంది, మునిగితే నష్టం తలా కాస్త భరిస్తారు. లాయిడ్ మాత్రం బీమా జోలికి పోలేదు. ఆయన ఇచ్చింది చోటు. బల్ల, కుర్చీ, కబురు, వేడిగా ఓ గిన్నె కాఫీ. 1713లో ఆయన పోయాడు. పేరు పోలేదు. ఇవాళ ప్రపంచమంతటా పేరున్న లాయిడ్స్ ఆఫ్ లండన్ అనే బీమా మార్కెట్టు ఆ కాఫీ హౌస్ నుంచి పుట్టిందే. అక్కడ యూనిఫాం వేసుకుని తిరిగే సిబ్బందిని ఇప్పటికీ వెయిటర్లనే అంటారు.

ఆ రోజుల్లో లండన్ కాఫీ హౌస్‌కి ఒక పెన్నీ ఇచ్చి లోపలికి వెళ్తే కాఫీ దొరికేది, పత్రికలు దొరికేవి, పక్కవాళ్ళ వాదనలు ఉచితం. ఆడవాళ్ళకు చాలావరకు ప్రవేశం లేదు లెండి. ఆ కాలంలో పుట్టి ఉంటే నేను గుమ్మం దగ్గరే ఆగిపోయేదాన్ని. పోనీ, ఆ పెన్నీ దేనికి? కాఫీకా, కుర్చీకా? నన్నడిగితే కుర్చీకి.

కుర్చీకే అనుకుంటే మన మొహమాటం సగం తగ్గుతుంది. కాఫీ తాగనివాళ్ళకు కాఫీ షాపులో ఇబ్బంది మొహమాటంతోనే. ఏమీ కొనకుండా కూర్చోలేం, కూర్చోకూడదు కూడా. కొందామంటే గోడ మీద పట్టికంతా కాఫీయే. అంతా కాదు, కింద చివరి వరసలు చూడండి. హాట్ చాక్లెట్ ఉంటుంది, టీలు ఉంటాయి. ఇదేదో కొత్త వేషం కాదు. శామ్యూల్ పీప్స్ అని లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగి, రోజూ డైరీ రాసేవాడు. 1664 నవంబరులో ఒకరోజు కాఫీ హౌస్‌కి వెళ్ళి చాక్లెట్ తాగాను, చాలా బాగుంది అని రాసుకున్నాడు. చూశారా, మనవాళ్ళు అప్పటినుంచే ఉన్నారు!

డాక్టరు కెఫీన్ వద్దన్నారా? అయితే కాస్త జాగ్రత్త. మాచాలో, అంటే జపాన్ గ్రీన్ టీ పొడిలో, కెఫీన్ ఉంది, మామూలు టీలోనూ ఉంది, చాక్లెట్‌లో కొద్దిగా ఉంది, డీకాఫ్‌లో, అంటే కెఫీన్ తీసేసిన కాఫీలో కూడా, అది పూర్తిగా పోదు. చామంతి, పుదీనా, రూయిబాస్ అనే దక్షిణాఫ్రికా మొక్క ఆకుల కషాయాల్లో మాత్రం ఉండదు. నేను అడిగేది ఉట్టి పాలు, ఆవిరి గొట్టంతో వేడిచేసి, పైన నురగతో. అరవై డిగ్రీల దగ్గర ఆపితే చక్కెర వెయ్యకపోయినా తియ్యగా అనిపిస్తాయి, మరీ మరిగిస్తే ఆ రుచి పోతుంది.

ఇక ఇవాళ మీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. ఒకే వేళకు వెళ్ళండి, ఒకే పానీయం అడగండి. ఒకే వేళ, ఒకే పానీయం. కౌంటర్ వెనక ఉన్నవాళ్ళు ముఖాల కన్నా ముందు కప్పుల్ని గుర్తుపెట్టుకుంటారు. రోజుకు వందసార్లు కాఫీ కలిపే మనిషికి, నురగపాలు అడిగేవాళ్ళు ఒక్కరే తగిలితే మర్చిపోవడం కష్టం. కాఫీ తాగేవాళ్ళ కన్నా మనమే త్వరగా పాత పరిచయస్తులమవుతాం! ఆ వేళ కూడా రద్దీ లేనిదైతే మంచిది, రెండు మాటలు ఆడే తీరిక వాళ్ళకీ ఉంటుంది. ఎక్కువసేపు కూర్చోవాలంటే రెండో కప్పు చెప్పండి. నలుగురి బల్ల ఒక్కరే ఆక్రమించకండి. "కాఫీ తాగరా?" అంటే "పడదండీ" చాలు, జాతకం విప్పక్కర్లేదు.

అద్దం అవతల నుంచి సైగ చేస్తున్నారు, టైమైపోయిందని. ఒక్క మాట. అలవాటు కుదిరాక మీరు తలుపు తియ్యగానే మీ పాలు పొయ్యడం మొదలుపెట్టేస్తారు. ఆ రోజు మీకు పుదీనా కావాలనిపిస్తే మాత్రం, కౌంటర్ దాకా వచ్చి చెప్పకండి, తలుపు దగ్గర్నించే చెయ్యి ఊపండి. నమస్కారం.